క్యూరింగ్

పొద్దుగాల నాలుగింటికి పైపు నా చేతికొస్తది.
నిన్న పోసిన స్లాబు మీద గోనెసంచులు పరిచి
ఏడు రోజులు, రోజుకు మూడు పూటలు తడపాలె.
ఇబ్రి దాటి అరవై కిలోమీటర్లు లోపటికి
బోడగుట్టల నడుమ వాది సిద్ర్ అనే పల్లె.
అక్కడ సర్కారు యూనివర్సిటీ లేస్తున్నది.
కట్టేటోళ్లు వేరే. నేను తడిపేటోణ్ణి.

ట్యాంకరు నీళ్లు యాడికెళ్లి తెస్తదో
మొదట్ల నేను అడగలే.
మూడో నెలల ఒక ముసలాయన గేటుకాడ నిలవడ్డడు,
హమూద్ బిన్ సైఫ్. చేతిల పగిలిన బకెట్.
ఆయన అరబ్బీని రఫీకుల్ నాకు విప్పి చెప్పిండు:
"మా తాతల నాటి ఫలజ్ కాలువ ఇది.
మీ బోరు పడ్డంక మోకాలి లోతు నీళ్లు
చీలమండకు దిగినయి.
ఖర్జూరం గెలలు పండకముందే వడిలిపోతున్నయి.
చదువు మంచిదే, కాదనను.
చదువు ఇంకో ఏడు ఆగుతది. చెట్టు ఆగదు."
నాకు జవాబు రాలే. బకెట్ నింపిచ్చిన.
మర్నాడు రెండు బకెట్లు తెచ్చుకున్నడు.

ఆ రాత్రి క్యాంపుల, పప్పు పొయ్యి మీదుండంగనే లొల్లి.
గడ్డం నర్సింగం అన్నడు, ముందు దవాఖాన గావాలె,
నెలలు నిండిన మనిషిని ఈ రాళ్ల తొవ్వల
మూడు గంటలు తీస్కపోతరట, ఏం న్యాయమిది?
ఫోర్‌మన్ కురియచ్చన్ అన్నడు, రోడ్డు.
రోడ్డు పడితే దవాఖాన తనంతట తనే నడిచొస్తది.
రఫీకుల్ గంటె తిప్పుకుంటనే అన్నడు:
"మా ఊరికి రోడ్డు ముందే పడ్డది.
దాని మీదికెళ్లే మేమందరం ఈడికొచ్చినం."
కొంచెంసేపు అందరం పప్పును చూసినం.

నాకు మా మండలం యాదికొచ్చింది.
నేను ఇంటర్ రెండో ఏడు చదువంగ
కంకర క్వారీ పక్కపొంటి ఒక రాయి పాతిండ్రు,
డిగ్రీ కాలేజీ వస్తదని.
ఉన్న కాలేజీ యాభై రెండు కిలోమీటర్లు, బస్సు ఒక్కటే.
గొర్లు ఆ రాయికి ఒళ్లు రుద్దుకుంట రుద్దుకుంట
పెద్దమనుషుల పేర్లన్నీ అరగదీసినయి.
నేను పాస్‌పోర్టుకు పెట్టుకున్న ఏడు
తేదీ ఒక్కటే మిగిలున్నది దాని మీద.
కాలేజీ కట్టుంటె నేను చదువుకునేటోణ్ణా?
ఏమో, లెక్కలంటె నాకంత పాణం లేకుండె.
కాని, నాకొద్దు అని ఎనక్కి తిరిగేటందుకన్న
ఒక గేటు ఉంటుండె.

శుక్రవారం క్యాంపుకు సెలవు, స్లాబుకు లేదు.
ఆనాడు ముసలాయన ఎంబడి మనుమరాలొచ్చింది, జువైనా.
మస్కట్ హాస్టల్ల ఉంటదట,
నిన్న మాపటికి బస్సు దిగిందట.
ఆమె బకెట్ ముట్టలే. నా కాళ్లకింది స్లాబును చూపెట్టి
ఇది ఏ గది అని సైగ చేసింది.
పిల్లర్ మీది నంబరు చూసి వేళ్లతోని చెప్పిన: పద్నాలుగు.
ఆమె అటు చూసి, ఇటు చూసి,
కిటికీ ఎక్కడొస్తదో గాలిల గీసింది.
ఇగ తాతా మనుమరాలు కొట్లాట, నవ్వుకుంటనే.
రఫీకుల్ నమాజుకు పోయిండు.
నాకు తెలిసినయి రెండే మాటలు దొరికినయి:
మాయ్, అంటే నీళ్లు. బాదేన్, అంటే తర్వాత.
ఎవరు దేన్ని తర్వాత అన్నరో నాకు తెల్వలే.

ఏడో రోజు పగటిపూట
పైపును కంచె అవతలికి తిప్పిన.
ఒక్క గంట. నాలుగు చెట్ల పాదులు నిండినయి.
కురియచ్చన్ చూసిండు,
చూడనట్టే రిజిస్టర్ల టిక్కు పెట్టిండు.

మాపటికి గోనెసంచులు లేపి
మోకాళ్ల మీద కూసుండి అరచేతితోని వెతికిన.
పద్నాలుగో గది మూలకు, వెంట్రుకంత, ఒక పర్రె.
నా గంట వల్లనో, ఎండ వల్లనో చెప్పలేను.
ప్లాస్టరు పడితే కనవడదు.
ప్లాస్టరోళ్లు ఎల్లుండి వస్తరు.